మలక్కా: నదికి ఈ ఒడ్డు, ఆ ఒడ్డు

మలేషియా పశ్చిమ తీరంలోని మలక్కా పట్టణపు ప్రాచీన భాగాన్ని చూడటానికి ఒక పగలు చాలు. ఒక చిన్న గుట్ట, దాని పాదాన ఒక నది, నది కావల ఇరుకైన వీథులు. ఇంతే దాని విస్తీర్ణం. పోర్చుగీసు, డచ్చి, బ్రిటిష్ ప్రభుత్వాలు ఒకదాని వెంట ఒకటి ఏలిన ఈ స్వల్ప స్థలంలో పాలకుల కట్టడాలు గుట్ట వైపున, వర్తకుల ఇండ్లూ ఆలయాలూ నది కావల నిలిచి ఉండటం వల్ల, సామ్రాజ్యానికీ వాణిజ్యానికీ గల సంబంధాన్ని ఇక్కడ నడుస్తూనే పరిశీలించవచ్చు.

1400 ప్రాంతంలో పరమేశ్వరుడనే రాజు స్థాపించిన ఈ రేవుకు చెప్పుకోదగిన పంట లేదు, గని లేదు. నైరుతి ఋతుపవనంతో భారత తీరపు ఓడలు, ఈశాన్య ఋతుపవనంతో చీనా ఓడలు చేరే జలసంధిలో ఉండటమే దాని సంపద. గాలి మళ్లే దాకా నెలల తరబడి నిలవవలసిన విదేశీయులకు గిడ్డంగులు, న్యాయం, నిర్ణీత సుంకం కల్పించటంలో అతని వంశపు సుల్తానులు చూపిన వివేకం తక్కువది కాదు. గుజరాతీలకు ఒకరు, కోరమండల్, బెంగాల్, పెగూ వర్తకులకు ఒకరు, జావా మొదలైన ద్వీపాలవారికి ఒకరు, చీనావారికి ఒకరు చొప్పున నలుగురు షాబందరులు రేవు వ్యవహారాలు చూసేవారు. పడమటినుండి వచ్చే సరుకుపై సుంకం నూటికి ఆరు.

1511లో పోర్చుగీసు సేనాని అల్బుకర్క్ ఈ పట్టణాన్ని జయించి, మసీదునుండీ రాజసమాధులనుండీ తీసిన రాళ్లతో కోట కట్టించాడు. అయితే ఆయన కేవలం విధ్వంసకుడు కాడు. రేవు నడవాలంటే వర్తకులు నిలవాలని గ్రహించి, కోరమండల్ తీరపు హిందూ వర్తకుడైన నీనా చాటును ఉన్నతాధికారంలో నియమించాడు. ఆ వివేకం ఆయన తర్వాతివారిలో నిలవలేదు. రేవును పట్టుకుంటే వాణిజ్యం చేజిక్కుతుందన్న విశ్వాసంతో పోర్చుగీసువారు సుంకాలనూ నిర్బంధాలనూ పెంచగా, ముస్లిం వర్తకులలో అనేకులు సుమాత్రాలోని ఆచేకూ తదితర రేవులకూ తరలిపోయారు. ఆచే, జోహోర్ సేనల దాడులను నూట ముప్పై ఏండ్లు తట్టుకున్న ఆ కోట, ఓడలు దారి మళ్లటాన్ని మాత్రం ఆపలేకపోయింది.

జోహోర్ సహాయంతో నెలల తరబడి ముట్టడించి, ఆకలికీ వ్యాధికీ లోబడిన కోటను డచ్చివారు 1641 జనవరిలో స్వాధీనం చేసుకున్నారు. గుట్టపైన 1521లో వెలసిన క్రైస్తవ ప్రార్థనామందిరంలో, సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ దేహం 1553లో గోవాకు తరలేముందు కొన్ని నెలలు ఉన్న చోట, నేడు కప్పులేని గోడలకు ఆనించి నిలిపిన డచ్చి సమాధి ఫలకాలు మనిషి ఎత్తును మించి కనిపిస్తాయి. డచ్చివారి దృష్టి అంతా జావాలోని తమ కేంద్రమైన బటావియాపైన ఉండేది. పులికాట్‌లోనూ, నేటికీ వారిని గుర్తుచేసే వలందపాలెం పేరు మిగిలి ఉన్న మచిలీపట్నంలోనూ కొన్న వస్త్రాలనే సుగంధద్రవ్యాలకు మారకంగా ద్వీపాలకు చేరవేసే వారి వ్యవస్థలో మలక్కా ప్రధాన విపణి కాదు, దారి కాచే ఠాణా మాత్రమే. 1753లో పూర్తయిన క్రైస్ట్ చర్చి, దాని పక్కనున్న పాలనాభవనం పటిష్ఠమైన కట్టడాలే. నేడు వాటిని ప్రసిద్ధం చేసిన ఎరుపు రంగు మాత్రం తర్వాతి బ్రిటిష్ హయాంలో వేసినది.

ఐరోపా యుద్ధాల మధ్య 1795లో పట్టణం బ్రిటిష్ వశమయింది. తిరిగి డచ్చివారికి అప్పగించవలసివస్తే అది తమ రేవైన పెనాంగుకు పోటీ కారాదన్న లెక్కతో 1807లో కోటను కూలగొట్టారు. జనాన్ని తరలించి మలక్కాను నిర్జనం చేయరాదని బ్రిటిష్ అధికారి రాఫిల్స్ 1808లో వ్రాసిన నివేదిక పట్టణాన్ని కాపాడింది కాని, కోటలో ఒక ద్వారమే మిగిలింది. పోర్చుగీసుల ఆ ద్వారం నెత్తిన డచ్చి కంపెనీ చిహ్నమూ 1670 అన్న సంవత్సరమూ చెక్కి ఉన్నాయి. 1824 ఒప్పందంతో మలక్కా శాశ్వతంగా బ్రిటిష్‌వారిదయ్యేనాటికి, 1819లో వెలసిన సింగపూరు దాని వాణిజ్యాన్ని అందుకుంటూ ఉంది.

నది దాటి కంసాలుల వీథిలోకి వెళితే వేరొక కాలక్రమం ఎదురవుతుంది. 1748లో కట్టెతో కట్టి 1872లో ఇటుకతో పునర్నిర్మించిన మసీదుకు మూడంతస్తుల జావా కప్పు, చీనా పగోడాను తలపించే మినారు, లోపల ఐరోపా రీతి స్తంభాలు ఉన్నాయి. కొద్ది అడుగుల దూరంలో, డచ్చి ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో 1781లో వెలసిన వినాయకుని గుడి ఉంది. దానిని నెలకొల్పిన చెట్టి సమాజం దక్షిణ భారత వర్తకులకూ స్థానిక స్త్రీలకూ కలిగిన సంతతి. వారి ఇంటిభాష మలయ్, ఆరాధన శైవం. ఈ సామరస్యాన్ని పాలకుల ఔదార్యానికే ఆపాదించటం సరికాదు. కాథలిక్కులపట్ల కఠినంగా ఉన్న డచ్చివారే వర్తకుల మతాలను సహించటానికి లాభదృష్టి ప్రధాన కారణం. అయినా ఆ సహనపు ఫలం వాస్తవమే.

2008లో యునెస్కో పెనాంగులోని జార్జ్ టౌన్‌తో కలిపి మలక్కాను ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించినప్పుడు గణించినది ఒక్క కోటను కాదు, ఈ బహుజాతి వాణిజ్య నగర స్వభావాన్ని. చరిత్ర తీర్పు కూడా దాదాపు ఇదే: పాలకులు మలక్కాను రక్షించటానికి వెచ్చించిన శక్తిలో కొంతైనా, దానికి బ్రతుకునిచ్చిన వర్తక స్వేచ్ఛను నిలపటానికి వెచ్చించలేదు.