ఒప్పుకోనన్న ఒక్క మాట: పోలండ్ ఎలా పోయింది

పోలండ్, లిథువేనియా ఉమ్మడి రాజ్యంలో 1573 నుంచి రాజును ప్రభువర్గం ఎన్నుకునేది. జనాభాలో ఇంచుమించు పదో వంతు ఉన్న ఈ వర్గానిదే సెయ్మ్ అనే చట్టసభ. అక్కడ తీర్మానాలు ఏకగ్రీవంగా జరగాలన్నది ఆచారం. 1652లో ఉపిటా ప్రతినిధి వ్లాడిస్లావ్ సిచిన్‌స్కి సభ గడువు పొడిగించడానికి వీల్లేదన్నాడు. ఆ ఒక్కడి అభ్యంతరమూ చెల్లుతుందని సభ ఒప్పుకుంది. 'లిబరమ్ వీటో' అలా స్థిరపడింది. ఎవరైనా ఒక సభ్యుడు లేచి 'ఒప్పుకోను' అంటే చాలు, ఆ సమావేశాల్లో అంతకుముందు ఆమోదించినవి కూడా రద్దయ్యేవి.

పొరుగు రాజులకు ఇంతకంటే చవకైన ఆయుధం దొరకదు. సభనంతటినీ కొననక్కర్లేదు, ఒక్కడు చాలు. 1717లో రష్యా సైన్యం నీడలో ఒక్కరోజులో ముగిసిన 'మూగ సెయ్మ్' పోలండ్ సైన్యాన్ని 24,000కు కట్టడి చేసింది. మూడో ఆగస్టస్ ఏలిన ముప్పై ఏళ్లలో 1736 నాటి సభ ఒక్కటే చట్టాలు చేయగలిగింది. 1764లో రష్యా, ప్రష్యాలు పోలండ్ రాజ్యాంగాన్ని మారనివ్వకూడదని ఒప్పందం చేసుకున్నాయి. పోలండ్ 'స్వేచ్ఛ'కు అందరికంటే గట్టి కాపలాదారులు పరాయివాళ్లే!

మెజారిటీ ఓటుతోనే సభ నడవాలని స్తనిస్లావ్ కొనార్‌స్కి అనే మతాచార్యుడు 1760-63 మధ్య పెద్ద గ్రంథమే రాశాడు. వీటో పోతే రాజు నిరంకుశుడవుతాడని ఎదుటి పక్షం వాదించింది. ఆ భయం ఉత్తది కాదు. చుట్టుపక్కల దేశాల్లో రాజులు ప్రభువుల సభలను అణగదొక్కడం వాళ్లు చూస్తూనే ఉన్నారు. అయితే తమ రాజును అనుమానించినంతగా బయటి రాణిని, రష్యా ఏలిక కాథరిన్‌ను, అనుమానించకపోవడమే వాళ్ల పొరపాటు.

1767 అక్టోబరులో ఒక రాత్రి రష్యా రాయబారి రెప్నిన్ తనను ఎదిరించిన ఇద్దరు బిషప్పులను, సేనాని వాత్స్‌లావ్ జెవుస్కిని, ఆయన కొడుకు సెవెరిన్‌ను వార్సాలోనే పట్టించి రష్యాలోని కలూగాకు పంపాడు. 1768 ఒప్పందంతో రాజు ఎన్నికకు, వీటోకు రష్యా హామీదారైంది. అంటే సొంత రాజ్యాంగాన్ని దిద్దుకోవాలన్నా ఇక రష్యా అనుమతి కావాలి. అదే ఏడు బార్ పట్టణంలో రష్యా పెత్తనంపై మొదలైన తిరుగుబాటు నాలుగేళ్లు సాగి అణగారింది. 1772లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా రాజ్యంలో దాదాపు మూడో వంతు పంచుకున్నాయి. మరుసటి ఏడు దానికి ముద్ర వేయబోతున్న సభ్యులను ఆపడానికి తదేవుష్ రైతాన్ గుమ్మానికి అడ్డంగా పడుకున్నాడు. వాళ్లు ఆగలేదు.

ఆ దెబ్బతో సంస్కరణవాదుల మాటకు బలం వచ్చింది. 1788లో సమావేశమైన సెయ్మ్ లక్ష మంది సైన్యం కావాలని తీర్మానించింది. 1791 మే 3న, చాలామంది ప్రత్యర్థులు ఈస్టర్ సెలవుల నుంచి తిరిగిరాకముందే, వీటోను రద్దు చేసే రాజ్యాంగాన్ని ఆమోదించింది. ఆరోజు కాలిష్ ప్రతినిధి యాన్ సుఖోజెవ్‌స్కి తన చిన్న కొడుకును సభలోకి తెచ్చి, వాడు బానిసగా బతకడం కంటే తన చేతుల్లో చావడమే మేలని కత్తి దూశాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఆపారు. కొత్త రాజ్యాంగంలో ఆయనకు కనిపించింది రాజు నిరంకుశత్వమే.

ఓడిన పక్షం పీటర్స్‌బర్గ్ చేరి కాథరిన్ సాయం కోరింది. 1792లో తర్‌గోవిత్సా కూటమి పేరుతో రష్యా సైన్యాన్ని లోపలికి పిలిచినవారిలో సెవెరిన్ జెవుస్కి ఒకడు. పాతికేళ్ల కింద కలూగాకు తండ్రితో బందీగా వెళ్లిన కుర్రవాడే ఇతడు! డబ్బుకు అమ్ముడుపోయాడని తేల్చెయ్యడం సులువే కానీ, పాత స్వేచ్ఛను నిలబెడుతున్నానని అతను నమ్మినట్టే కనిపిస్తుంది. తన వర్గం హక్కునే దేశ సార్వభౌమత్వం అనుకున్నాడు.

ఆ సైన్యం గెలిచాక, 1793లో రెండో పంపకానికి ఆమోదం కోసం గ్రోడ్నోలో, రష్యా సైనికుల ముట్టడి మధ్య, సభ పెట్టారు. ప్రష్యాతో ఒప్పందంపై సభ్యులు అర్ధరాత్రి దాటాకా నోరు విప్పలేదు. మౌనం అర్ధాంగీకారమంటారు. అక్కడ దాన్ని పూర్తి అంగీకారంగానే రాసుకున్నారు. మరుసటి ఏడు సేనాని కొష్చూష్కో నడిపిన తిరుగుబాటు ఓడిపోయింది. 1795లో మిగిలిన భూమీ పోయింది. 1797 నాటి ఒక రహస్య నిబంధనలో మూడు రాజ్యాలూ 'పోలండ్ రాజ్యం' అన్న పేరునే ఇక వాడకూడదనుకున్నాయి. పోలండ్ మళ్లీ స్వతంత్ర దేశమైంది 1918లో. మే 3 ఇప్పుడు అక్కడ జాతీయ సెలవు దినం.