ఉత్తరాభాద్ర పక్కన మరో పాలపుంత

మంత్రాలయం కిక్కిరిసిపోయేది శ్రావణ బహుళ విదియకు, ఆరాధన రోజుల్లో. 1671లో రాఘవేంద్ర స్వామి ఇక్కడ, అప్పటి మంచాల గ్రామంలో, బృందావన ప్రవేశం చేసిన తిథి అది. చుక్కలు చూద్దామని వచ్చేవాడికి మాత్రం అంతకంటే పనికిరాని తిథి ఉండదు. ఒకపక్క వానాకాలపు మబ్బు, మరోపక్క పున్నమి దాటి రెండు రోజులే అయిన చంద్రుడు. ఆకాశం కోసమైతే కార్తీకం చివర రావాలి. అమావాస్యకు అటూ ఇటూ, రాత్రి ఎనిమిదిన్నర దాటాక, మఠం దీపాల వెలుగు వెనకబడేదాకా నడిచి, పత్తి చేల మధ్య ఉత్తరానికి తిరిగి నిలబడాలి.

తల బాగా వెనక్కి వాలిస్తే నడినెత్తికి కాస్త పడమరగా నాలుగు చుక్కల పెద్ద చతురస్రం. పంచాంగం చూసే ఇళ్లలో ఇవి కొత్తవి కావు, పూర్వాభాద్ర, ఉత్తరాభాద్రల చుక్కలే. దాని ఈశాన్య మూల నుంచి బయల్దేరి అదే దిక్కుగా రెండు చుక్కలు దాటాలి. అక్కడ వాయవ్యానికి మలుపు తిరిగి ఇంకో రెండు చిన్న చుక్కలు ఎక్కితే, చివరిదాని పక్కన ఓ మసక. గుచ్చి చూస్తే మాయమవుతుంది, చూపు కొంచెం పక్కకు జరిపితే మళ్లీ వస్తుంది. మసక వెలుగును పట్టే కణాలు మన చూపు నడిమధ్యలో ఉండవు మరి. అదే ఆండ్రోమెడా గెలాక్సీ. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం.

ఆ అంకెకు కొలత ఉమ్మడి కర్నూలు నేలలోనే ఉంది. బనగానపల్లె వైపు, జ్వాలాపురం దగ్గర జుర్రేరు లోయలో, సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం బూడిద పొరగా దొరికింది. అది సుమారు 74,000 ఏళ్ల కిందటిది. ఆ బూడిద ఇక్కడ రాలే వేళకే, ఈ రాత్రి మన కంట్లో పడే వెలుగు తన దారిలో నూటికి తొంభై ఏడు వంతులు నడిచేసింది.

ఫొటోల్లో చూసే సుడి ఆకారం మాత్రం కంటికి కనపడదు. ఆండ్రోమెడా ఆకాశంలో ఆరు చందమామలు పక్కపక్కన పెట్టినంత పొడవుంటుంది, కానీ మనకు అందేది నడిమి ముద్ద ఒక్కటే. పైగా అది మనవైపు పక్కకు వాలి ఉంది. పర్షియాలో అల్ సూఫీ 964లోనే దీన్ని చిన్న మబ్బుగా రాసిపెట్టాడు. సుడి సంగతి బయటపడడానికి ఇంకో తొమ్మిది శతాబ్దాలు పట్టింది. అదీ దీనిలో కాదు, సప్తర్షుల తోక కింద ఉండే మరో మసకలో.

1845లో ఐర్లండ్‌లోని బర్ కోటలో రాస్ ప్రభువు ఆరడుగుల అద్దంతో టెలిస్కోపు నిలబెట్టాడు. అద్దమంటే గాజు కాదు, రాగి, తగరం కలిపి పోత పోసిన లోహపు పళ్లెం, సుమారు మూడు టన్నుల బరువు. ఐర్లండ్ తేమకు మెరుపు తగ్గిపోతుండేది. అందుకే రెండు అద్దాలు చేయించి, ఒకటి వాడుతుంటే రెండోదానికి మెరుగు పట్టించేవారు. దాంతో చూసి ఆ మసక, అంటే మెస్సియర్ 51, సుడిని ఆయన చేత్తో గీశాడు. ఆ ఏడే బంగాళాదుంప తెగులుతో ఐర్లండ్‌లో కరువు మొదలైంది. ప్రభువుగారు చుక్కలు పక్కనపెట్టి రైతుల ఆకలి చూడాల్సి వచ్చింది. ధాత కరువు కథలు విని పెరిగిన సీమ మనిషికి ఈ ముక్క వేరే వివరించక్కర్లేదు. ఆండ్రోమెడా సుడి 1888 డిసెంబరులో గానీ తేలలేదు. ఇంగ్లండ్‌లో ఐజాక్ రాబర్ట్స్ 20 అంగుళాల టెలిస్కోపుతో చాలాసేపు వెలుగు పట్టి తీసిన ఫొటోలో మొదటిసారి మెలికలు కనిపించాయి.

ఐర్లండ్ పనితనం కొన్నాళ్లకు తెలుగునేలకూ వచ్చింది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్ ఫిసల్‌బండలో సొంత ఖర్చుతో వేధశాల మొదలుపెట్టాడు. డబ్లిన్ గ్రబ్ కంపెనీ చేసిన 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించాడు. ఆయన పోయాక నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. అదే నిజామియా వేధశాల. దానికి పడిన పని గొప్పది, విసుగు పుట్టించేదీనూ. ప్రపంచంలోని పలు వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని చుక్కల జాబితా తయారు చేస్తుంటే, హైదరాబాద్‌కు మొదట దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ, తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ వచ్చాయి. గాజు పలకల మీద ఒక్కో చుక్క స్థానం కొలిచి, ఏడున్నర లక్షలకు పైగా చుక్కలను పన్నెండు సంపుటాల్లోకి ఎక్కించారు. ఆండ్రోమెడా ఉన్నది 41 డిగ్రీల దగ్గర. రెండే డిగ్రీల్లో తప్పిపోయింది!

తప్పిపోకపోయినా చరిత్ర మారేది కాదులెండి. ఆ కాలపు అసలు తగువు తేల్చడానికి ఇంకా పెద్ద అద్దం కావాలి. ఈ సుడులన్నీ మన పాలపుంత లోపలివే అని హార్లో షాప్లీ, కావు, ఒక్కోటీ వేరే పాలపుంత అని హెబర్ కర్టిస్ 1920లో వాదించుకున్నారు. 1923లో మౌంట్ విల్సన్ కొండ మీద 100 అంగుళాల టెలిస్కోపుతో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడాలో వెలుగు పెరిగి తగ్గే ఒక చుక్కను పట్టుకుని, దాని దూరం లెక్కగట్టి, షాప్లీ వాదాన్ని ముగించాడు.

ఆ షాప్లీ డైరెక్టరుగా ఉన్న హార్వర్డ్ వేధశాలకే నిజాం కాలేజీలో చదువుకున్న వైణు బాపు వెళ్లాడు. తండ్రి నిజామియాలో ఉద్యోగి, కొడుకు ఆడుకున్నది ఆ టెలిస్కోపుల చుట్టూనే. 1949లో హార్వర్డ్‌లో అతను కనిపెట్టిన తోకచుక్కకు బాపు–బోక్–న్యూకిర్క్ అని పేరు. అందులోని బార్ట్ బోక్ జీవితమంతా మన పాలపుంత సుడి చేతుల వెంటపడినవాడు. లోపలుండి ఇంటి పటం గీయడం ఎంత కష్టమో, అదే కష్టం. 1951లో విలియం మోర్గన్ బృందం మన చుట్టుపక్కల చేతుల జాడ తీసింది. మంత్రాలయంలో మే నెల అర్ధరాత్రి దాటాక దక్షిణాన మూలా నక్షత్రం దగ్గర పాలపుంత బాగా చిక్కబడి కనిపిస్తుంది. దాని కేంద్రం ఉన్నది అటే.

ఈ చేతుల్లో ఎప్పుడూ అవే చుక్కలు ఉండవు. అలా ఉంటే చేతులు కొన్ని చుట్లకే చుట్టుకుపోయి మాయమయ్యేవి. 1964లో సి.సి. లిన్, ఫ్రాంక్ షూ చెప్పిన లెక్కలో చేయి అంటే ఒక రద్దీ. కర్నూలు టోల్ గేటు దగ్గర బండ్లు వస్తుంటాయి, పోతుంటాయి, బారు మాత్రం అక్కడే ఉంటుంది. అన్ని సుడులకూ ఇదే కారణమా అన్న వాదన ఇంకా ఆగలేదు.

2025లో ఆ వాదన మరింత ముదిరింది. పుణెలోని జాతీయ రేడియో ఖగోళ భౌతిక కేంద్రం (ఎన్‌సీఆర్‌ఏ) పరిశోధకులు జేమ్స్ వెబ్ టెలిస్కోపు చిత్రాల్లో, విశ్వం వయసు 150 కోట్ల ఏళ్లే ఉన్నప్పటి ఓ గెలాక్సీని గుర్తించారు. అంత లేత వయసులో గెలాక్సీలు గందరగోళంగా ఉంటాయనుకుంటే, దీనికి చక్కటి రెండు చేతులున్నాయి. దానికి అలకనంద అని పేరు పెట్టారు. మందాకినికి తోడు నది పేరది, పాలపుంతను హిందీలో మందాకిని అంటారు. సుడి ఇంత త్వరగా ఎలా కుదురుకుందో చెప్పడం ఇప్పుడు సిద్ధాంతకర్తల వంతు.