జాతరకు పోయే కంబడి

పుష్య పున్నమికి నాలుగు రోజుల ముందు మా ఇంట్లో తగువు మొదలయ్యేది. ఎమ్మిగనూరు జాతరకు ఎవరు పోవాలని కాదు, కంబడి ఎవరితో పోవాలని. పుస్తకాల్లో దాన్ని కంబళి అంటారు, తెలంగాణలో గొంగడి అంటారు. మా ఊళ్లో కంబడి. ఇంటికంతా అది ఒక్కటే, అదీ మా జేజినాయనది. ఆయన జాతరకు బయల్దేరితే కంబడి బయల్దేరినట్టు, కంబడి బండెక్కితే పిల్లలు నలుగురు బండెక్కినట్టు. ఈ ఏడు ఎద్దుల బేరం లేదు, నేను రాను అని ఆయన అన్నాడంటే మాకూ జాతర లేదు. "సలికి కొయ్యబారిపోతారు, యాడికీ పోయేది ల్యా" అనేది అవ్వ. ఆ మాట మీద ఇంక మాట లేదు.

సీమ అంటే ఎండ అని లోకం అనుకుంటుంది. మేమూ అనుకుంటాం. నరహరి గోపాలకృష్ణమ చెట్టి 1886లో కూర్చిన కర్నూలు జిల్లా మాన్యువల్‌ను నేను బడిపంతులుగా ఉన్న రోజుల్లో తెచ్చుకుని చదివాను. 1876-78 నాటి కరువు ముందు తక్కినవన్నీ చిన్నవిగా కనిపించాయి. ఎండకూ కరువుకూ మాకు చరిత్ర ఉంది. చలికి మాత్రం జ్ఞాపకమే ఉంది, అది కూడా ఒంటిమీద కప్పుకున్న గుడ్డ రూపంలో.

లెక్క చూస్తే మా చలి పెద్ద చలేమీ కాదు. జనవరిలో కర్నూలు రాత్రి సగటున పదిహేడు డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఉత్తరపు గాలి తిరిగిన ఏడాది పన్నెండుకో, ఇంకా కిందికో దిగుతుంది. సిమ్లా వాళ్లు వింటే నవ్వుతారు. కానీ అదే రోజు మధ్యాహ్నం ముప్పై దాటి ఉంటుందన్న సంగతి వాళ్లకేం తెలుసు? మబ్బు లేని ఆకాశం, తడి లేని గాలి, చెట్టు లేని నల్లరేగడి. పగలు తాగిన వేడిని నేల పొద్దుగూకగానే ఆకాశానికి వదిలేస్తుంది, పట్టి ఉంచేది ఏదీ లేదు. జాతరకు పొద్దెక్కాక పోయేవాడు పంచె, పలచని చొక్కా, భుజాన తువ్వాలతో చెమటలు కక్కుతూ పోతాడు. రథం లాగి, మిఠాయి కొని, రంగులరాట్నం దగ్గర నిలబడేసరికి పళ్లు కొట్టుకుంటుంటాయి. మా చలి దెబ్బంతా ఆ తేడాలోనే ఉంది. పొద్దున కంబడి మోసేవాడిని చూసి నవ్వినవాళ్లే రాత్రి వాడి పక్కన చోటు వెతుక్కుంటారు.

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి రథం పుష్య పున్నమికి కదులుతుంది. పశువుల సంత, బొమ్మల అంగళ్లు, రాట్నాలు రథం ముగిశాక కూడా రోజుల తరబడి ఉంటాయి. ఎద్దులు అమ్మవచ్చిన వాళ్లు బయట పొలాల్లోనే పడుకునేవారు. బండి కింద జొన్నసొప్ప, దాని మీద జేజినాయన, ఆయన మీద కంబడి, కంబడి అంచులు పట్టుకుని మేము. ఎవరికి ఎంత చోటన్నది నిద్రలో తేలేది. పొలాల్లో అక్కడక్కడా సలిమంటలు, వాటి పక్కన లేతకంకులు కాల్చి నలిపిన ఊసబియ్యం.

ఆ కంబడి వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. గొర్రె వాసన, పొగ వాసన, వాటి కింద పుల్లగా ఇంకొకటి. ఆ పులుపు చింతగింజలదని చాలా ఏళ్లకు తెలిసింది. జేజినాయనకు గొర్రెల కురవ ఒకాయన స్నేహితుడు. వాళ్ల వీధిలో ఆడవాళ్లు పొద్దంతా ఉన్ని వడికేవారు. ఏడాదికి రెండు కత్తిరింపులు. కత్తిరించిన ఉన్నిని నారి కట్టిన వింటితో ఏకి, కదురుమీద వడికి, పడుగుగా సాగదీసి, దానికి చింతగింజల గంజి పట్టించి కుంచెతో దువ్వేవారు. ముతక ఉన్ని పోగు చెదురుతుంది. గంజి తాగితేనే గుంత మగ్గం మీద తెగకుండా నిలుస్తుంది. అందుకే కొత్త కంబడి పలకలా బిర్రుగా ఉంటుంది, నిలబెడితే నిలబడుతుంది. రెండు చలికాలాలు వంటిమీద నలిగితేగానీ మెత్తబడదు. మెత్తబడ్డాక కూడా గుచ్చుకుంటుంది. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టు అనే సామెత పుట్టిందే దాన్ని కప్పుకుని బతికినవాళ్ల నోట.

రంగు అద్దేది లేదు. దక్కని గొర్రె నలుపు, కంబడీ నలుపే. ఉన్నిలో సహజంగా ఉండే జిడ్డు వల్ల చిన్న జల్లును విదిలించి పారేస్తుంది. తన బరువులో దాదాపు మూడో వంతు తేమను లోపలికి తీసుకున్నా ఉన్ని ఒంటికి తడిగా అనిపించదు. మంచు కురిసే రాత్రి ఆరుబయట మంద కాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఒక మూలను లోపలికి మడిచి నెత్తిన వేసుకుంటే టోపీ, భుజాలమీదికి జారిస్తే కోటు, పరిస్తే పడక, మూట కడితే సంచి. ఈ నాలుగింటిలో దేనికీ సైజు లేదు. మా తగువు మూలం కూడా అదే. ఎవరి కొలతా కానిది అందరిదీ అవుతుంది.

కురవల గురించి ఎడ్గార్ థర్‌స్టన్ 1909 నాటి తన పెద్ద పుస్తకంలో ఒక సంగతి రాశాడు. వాళ్లలో ఉన్నికంకణం వాళ్లు, పత్తికంకణం వాళ్లు అని రెండు తెగలున్నాయట. పెళ్లిలో మణికట్టుకు కట్టే దారం ఉన్నిదా, నూలుదా అన్నదే ఆ తేడా. నాకది కులాల లెక్కకన్నా మా నేల లెక్కలా తోస్తుంది. ఇక్కడ రేగడిలో పత్తి, బీడులో గొర్రె. పగటికి నూలు, రాత్రికి ఉన్ని. మా పడమటి తాలూకాల్లో గొరవయ్యలు నల్లకంబడి కప్పుకుని, ఎలుగుబంటి వెంట్రుకల కుల్లాయి పెట్టుకుని, పిల్లనగ్రోవి ఊదుతూ డమరుకంతో ఆడతారు. దేవరగట్టు మాళ మల్లేశ్వరుడి దసరా రాత్రికి వాళ్లు రావాల్సిందే. చలికి పుట్టిన బట్ట దేవుడి బట్ట కావడం అక్కడ చూడవచ్చు.

కుల్లాయి అన్నాను కదా, దాని దారి వేరు. పారశీకం నుంచి సుల్తానుల మీదుగా విజయనగర కొలువుకు వచ్చింది. దానికి జతగా కబాయి, పొడుగు చేతుల కుట్టు అంగీ. కన్నడ రాజ్యానికి పోయిన శ్రీనాథుడు కుల్లాయి పెట్టుకోవలసి వచ్చిందని చాటువులో వాపోయాడు. లేపాక్షి చిత్రాల్లో నిలువుటి కుల్లాయిలు వరసగా కనబడతాయి. ఆ కొలువువాళ్లు ఒళ్లంతా కప్పుకున్నది చలికి కాదు, దర్జాకు. ఈ ఎండల్లో! కానీ మాట మాత్రం మా పల్లెకు దిగింది. చంటిపిల్ల చెవులు మూసే గుడ్డటోపీని అవ్వ కుల్లాయి అనే అనేది. రాయల కొలువులోనిదీ మా చెల్లెలి నెత్తిమీదిదీ ఒకటే మాట అని చెబితే ఆమె నమ్మి ఉండేది కాదు.

కడప వైపు ఈ కథ మారుతుంది. మా యింటామెది ప్రొద్దుటూరు పక్క పల్లె. పెళ్లైన కొత్తలో మా కంబడిని చూసి "ఇదేంది, గొర్రె మీద పండుకున్నట్టు" అంది. అటుపక్క ఎక్కువగా నెల్లూరు జాతి గొర్రెలు. వాటికి ఉండేది పొట్టి వెంట్రుకే, ఉన్ని కాదు. మాంసానికి మేలు, మగ్గానికి పనికిరాదు. అందుకే వాళ్లింట్లో బొంత. పాతచీరలు ఏడెనిమిది పొరలు పరిచి, దగ్గర దగ్గరగా కుట్లు వేసి చేసినది. రథసప్తమికి దేవుని కడప తేరు చూడటానికి తెల్లారకముందే బయల్దేరేవాళ్లు చిన్నబొంతలు చుట్టుకుని పోయేవాళ్లని ఆమె చెబుతుంది. ఎవరి చీర ఏ పొరలో ఉందో ఆమెకు తెలుసు. మా కంబడిలో ఏ గొర్రె ఉందో మాకు తెలియదు. ఈ వాదంలో నేను ఎప్పుడూ గెలవలేదు.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. అదే రోజు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారిని వదిలి ఇటు వచ్చాయి. ఎమ్మిగనూరు కూడా వాటితోనే వచ్చింది. ఊళ్లో ఇళ్లు చాలక కచేరీలు గుడారాల్లో నడిచాయి. మద్రాసు సముద్రపు గాలికి అలవాటు పడిన గుమాస్తాలు పుష్యమాసాన గుడ్డ గోడల మధ్య పడుకోవలసి వచ్చింది. ఆ ఏడాది సంతలో కంబళ్లు దొరక్కుండా పోయాయని జేజినాయన చెప్పేవాడు. ఆయన మాటల్లో సగం తీసేయడం మాకు అలవాటే. ఆ మిగిలిన సగమైనా నిజమై ఉండాలని నా ఆశ.

ఎమ్మిగనూరుకు అప్పటికే వేరే పేరు వచ్చేసింది. మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం దుప్పట్లు, తువ్వాళ్లు నేసి దూరాలకు పంపేది. ఆయన పద్మశ్రీ అందుకున్నారు. కంబడి నేసే గుంత మగ్గానికి మాత్రం అలాంటి సంఘమూ రాలేదు, సోమప్పా రాలేదు. జాతరకు కంబడి బదులు సంఘం దుప్పటి పట్టుకుపోవడం మొదలైంది. తేలిక, మెత్తన, ఉతికితే తెల్లన. మంచుకు మాత్రం తడిసి ముద్దయ్యేది.

తర్వాత స్వెట్టర్లు. చలికాలం రాగానే టిబెట్ వాళ్లు మా టౌనులో రోడ్డు పక్క తాళ్లు కట్టి స్వెట్టర్లు వేలాడదీసేవారు. 1960 తర్వాత కర్ణాటకలో బైలకుప్పె, ముండగోడు దగ్గర స్థిరపడిన కాందిశీకులకు అదొక జీవనాధారం, సరుకు లూధియానా నుంచి వచ్చేది. హిమాలయాల చలి ఎరిగిన మనుషులు పదిహేడు డిగ్రీలకు వణికే మాకు ఉన్ని అమ్మడం విచిత్రమే. నా మొదటి జీతంలో తమ్ముడికి ఒకటి కొన్నాను, ఊదారంగు. వాడు జాతరంతా దాన్ని విప్పలేదు, మధ్యాహ్నం ఎండలో కూడా. ఆ రాత్రి కంబడి కింద మేము ముగ్గురమే ఉన్నాం. వాడు విడిగా, బండి నొగల మీద కాళ్లు చాపుకుని పడుకున్నాడు.

గొర్రె కూడా మారింది. మాంసం ధర పెరిగేకొద్దీ దక్కని మందల్లోకి నెల్లూరు పొట్టేళ్లు దిగాయి. పుట్టిన పిల్లలకు ఉన్ని తగ్గింది, కాళ్లు పొడుగయ్యాయి. ఉన్ని కత్తిరించిన కూలి కూడా గిట్టకపోతే కాపరి ఏం చేస్తాడు? ఎరువులో పారేస్తాడు. కత్తిరించే చేతులు పోయాక వడికే చేతులు పోయాయి, మగ్గం గుంత పూడింది.

జేజినాయన కంబడి నా దగ్గరికి వచ్చింది. అంచులు చిరిగాయి, నడుమ బాగుంది. మొన్నటి జాతరకు మనవడితో పోతూ పట్టుకుపోయాను. వాడికి మంకీ క్యాప్, జిప్పున్న జాకెట్టు, బూట్లు. జైంట్ వీల్ ఎక్కబోతే నడిపే కుర్రాడు ఆపాడు. "పెద్దాయనా, అది యిడిసిపెట్టి ఎక్కు. ఇనుంలో సిక్కుకుంటాది." న్యాయమే. పక్కనే మిరపకాయ బజ్జీలు వేస్తున్న ఆమెకు ఇచ్చి ఎక్కాను. చక్రం పైన ఆగినప్పుడు చొక్కా లోపలికి దూరిన గాలికి నా పళ్లు తాళం వేశాయి. కింద పశువుల సంతలో మంటలు చిన్నవిగా కనిపించాయి. మనవడు జాకెట్టు జిప్పు పైదాకా లాక్కుని ఫోటోలు తీస్తున్నాడు.

దిగి వచ్చేసరికి బజ్జీల బండి కింద, గోనెపట్టా మీద, ఆమె కొడుకు మా కంబడి కప్పుకుని నిద్రపోతున్నాడు. ఐదేళ్లుంటాయేమో. ఆమె గబగబా లాగబోయింది. "ఉండనీలేమ్మా" అన్నాను. వాడు లేచేలోపు నేను రెండు టీలు తాగాను, మనవడు నాలుగు బజ్జీలు తిన్నాడు. మూడో టీ కూడా చెప్పాను.