ఛత్తాబజార్ నస్తాలీఖ్: కాతిబ్ కలం నుండి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ దాకా

ఉపోద్ఘాతం

హైదరాబాద్ పాతబస్తీలో పురానీ హవేలీకి చేరువలో ఉన్న ఛత్తాబజార్ ఉర్దూ ముద్రణకు పేరుపొందిన వీధి. పెళ్లిపత్రికలకు నేటికీ అదే ప్రధాన కేంద్రం. కొనుక్కునే ఆఫీస్ సాఫ్ట్‌వేర్లకు ప్రత్యామ్నాయంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వచ్చిన క్రమాన్ని సాధారణంగా ఖర్చు దృష్టితోనే చర్చిస్తుంటారు. ఈ వీధి చరిత్ర అంతకంటే మౌలికమైన ప్రశ్నను ముందుంచుతుంది. టైపు చేసిన పాఠం ఎవరి అధీనంలో ఉంటుందన్నదే ఆ ప్రశ్న.

కాతిబ్‌ల కాలం

ఉర్దూకు అలవాటైన నస్తాలీఖ్ శైలిలో అక్షరాలు ఏటవాలుగా దిగుతూ, పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చుకుంటాయి. సీసపు అచ్చులకు ఆ శైలి సులభంగా లొంగలేదు. అందువల్ల లిథో ముద్రణ స్థిరపడింది. కాతిబ్, అంటే లేఖకుడు, జిడ్డుసిరాతో రాసిన పుటను రాతిమీదికి ఎక్కించి అచ్చువేసేవారు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడడం నగరంలో ఉర్దూ గ్రంథప్రచురణకు ఊతమిచ్చింది. ఆఫ్‌సెట్ వచ్చాక కూడా పుట రాసే పని కాతిబ్‌దే.

కంప్యూటర్ ప్రవేశం

1981లో పాకిస్తాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ వేలాది అక్షర సముదాయాలను చేతితో రాసి, మోనోటైప్ యంత్రాల కోసం నూరీ నస్తాలీఖ్‌ను రూపొందించారు. 1994లో ఢిల్లీలోని కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ సంస్థ విడుదల చేసిన ఇన్‌పేజ్ ఆ అక్షరాలను సాధారణ కంప్యూటర్‌కు చేర్చింది. పని వేగం పెరిగింది. కాతిబ్‌ల ఉపాధి కుంచించుకుపోయింది. అయితే ఇన్‌పేజ్ తొలి వెర్షన్లు పాఠాన్ని తమ సొంత సంకేతాలలో భద్రపరిచేవి. మార్పిడి చేయనిదే ఆ పాఠం మరో సాఫ్ట్‌వేర్‌లో చదవడానికీ వెతకడానికీ వీలయ్యేది కాదు. అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు వ్యాసాలను యూనికోడ్‌లోకి మార్చుకున్న పరిశోధకులకు ఈ చిక్కు కొత్తది కాదు.

స్వేచ్ఛా ప్రత్యామ్నాయం

1991 నాటి యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే అరబిక్, తెలుగు లిపులకు స్థానం లభించింది. 2000లో సన్ మైక్రోసిస్టమ్స్ ఓపెన్‌ఆఫీస్ మూలసంకేతాన్ని బహిరంగపరిచింది. దాని పత్రరూపమైన ఓపెన్ డాక్యుమెంట్ 2006లో అంతర్జాతీయ ప్రమాణమైంది. 2010లో లిబ్రేఆఫీస్ వేరుపడింది. 2017లో ఎస్ఐఎల్ సంస్థ ఉచితంగా విడుదల చేసిన అవామీ నస్తాలీఖ్ ఫాంటుకు గ్రాఫైట్ అనే సాంకేతికత అవసరం. అది మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో లేదు, లిబ్రేఆఫీస్‌లో ఉంది. ఈ ఒక్క విషయంలోనైనా ఉచిత సాధనమే ముందు నిలిచింది. తెలుగు విషయంలో హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ వ్యవస్థను రూపొందించి ఇదే దిశలో కృషి చేసింది.

ముగింపు

పరిమితులూ లేకపోలేదు. లిబ్రేఆఫీస్ రైటర్ ప్రధానంగా పత్రరచనా సాధనం. పెళ్లిపత్రికల అలంకరణకు, వంపు తిరిగిన పంక్తులకు అది చాలదు. అందుకు స్క్రైబస్, ఇంక్‌స్కేప్ వంటి ఇతర స్వేచ్ఛా సాధనాలను నేర్చుకోవాలి. అలవాటైన కీబోర్డును, చేతివాటాన్ని మార్చుకోవాలి. రోజువారీ గిరాకీతో నడిచే చిన్న దుకాణానికి ఆ సమయమే అసలు ఖర్చు.

అయినా 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూ రెండవ అధికార భాష అయిన తరువాత ఈ ప్రశ్న ఒక వీధికి పరిమితం కాదు. కాతిబ్ రాసిన పుట చదవడానికి అతని కలం అవసరం ఉండేది కాదు. నేటి ఉర్దూ, తెలుగు పత్రాలు కూడా వాటిని తయారుచేసిన సాఫ్ట్‌వేర్ కనుమరుగైన తరువాత చదవగలిగేలా ఉండాలంటే, ప్రామాణిక సంకేతాలలో, బహిరంగ పత్రరూపాలలో వాటిని భద్రపరచడం అవసరం.