కాఫీతో బొమ్మలు వేసిన నవలా రచయిత

ఈమధ్య రీల్స్‌లో కాఫీ పెయింటింగ్ వీడియోలు మీకూ కనబడే ఉంటాయి. ఒక కప్పు, పక్కన రెండు పండ్లు, కాస్త నీడ. రంగుల డబ్బా ఉండదు. ఇన్‌స్టంట్ కాఫీ ప్యాకెట్, నీళ్లు, బ్రష్, అంతే. ఇదేదో కొత్త ట్రెండ్ అనుకుంటాం కదా? కానీ సుమారు 170 ఏళ్ల కిందటే ఒకాయన కాఫీతో బొమ్మలు వేశాడు. ఆయన పేరున్న రచయిత, విక్టర్ హ్యూగో. 1950లో నాగయ్య గారు నటించిన 'బీదల పాట్లు' సినిమా కథ ఈయన నవల నుంచి వచ్చిందే.

1851 డిసెంబరులో ఫ్రాన్సులో లూయీ నెపోలియన్ బలవంతంగా అధికారం లాక్కున్నాడు. ఎదిరించిన హ్యూగో దేశం వదిలిపోవాల్సి వచ్చింది. ముందు బ్రస్సెల్స్, తర్వాత జెర్సీ దీవి, 1855 నుంచి గెర్న్సీ దీవి. 1870 దాకా ప్రవాసమే. అక్కడే 'బీదల పాట్లు' మూలకథ 'లే మిజరబ్ల్' పూర్తిచేశాడు.

రాత పని మధ్యలో బొమ్మలు వేసేవాడు. చేతికి ఏది అందితే అదే రంగు: సిరా, బొగ్గు, మసి, కాఫీ. కవి బోదలేర్‌కి 1860లో రాసిన ఉత్తరంలో, తన బొమ్మల్లో ఇలాంటి వింత మిశ్రమాలు కలుపుతానని ఆయనే చెప్పుకున్నాడు. జీవితం మొత్తమ్మీద దాదాపు 4,000 బొమ్మలు వేశాడు. కోటలు, తుపాను సముద్రం, ఒక ఆక్టోపస్ కూడా!

మరి కాఫీతో ఏం లాభం? పలచగా పూస్తే లేత గోధుమరంగు వస్తుంది. ఆరాక దానిమీదే ఇంకో పూత వేస్తే ముదురుతుంది. అలా ఒక్క రంగుతోనే వెలుగూ నీడా రెండూ పట్టుకోవచ్చు. రీల్స్‌లో కప్పు బొమ్మకి గుండ్రదనం వచ్చేదీ ఇలాగే.

అయితే హ్యూగోకి బొమ్మలు సరదా మాత్రమే కాదు. 1854లో గెర్న్సీలో టాప్నర్ అనే ఖైదీని ఉరి తీశారు. వద్దని హ్యూగో ఎంత వేడుకున్నా వినలేదు. ఆ ఏడే ఆయన చీకట్లో వేలాడే మనిషి బొమ్మ వేశాడు. 1859లో అమెరికాలో బానిసత్వం మీద తిరగబడ్డ జాన్ బ్రౌన్‌ని ఉరి తీశారు. అప్పుడు హ్యూగో తోడల్లుడు పాల్ షెనే ఈ బొమ్మనే చెక్కి, జాన్ బ్రౌన్ పేరుతో అచ్చు వేశాడు. గదిలో దాచుకున్న బొమ్మ అలా లోకానికి నిరసన అయింది.

ఇక్కడ ఒక చిక్కుంది. కాఫీ నిజానికి రంగుపొడి కాదు, కాగితంలోకి ఇంకే మరక. వెలుతురు తగిలే కొద్దీ వెలిసిపోతుంది. హ్యూగో బొమ్మలు కూడా సున్నితమైనవే. అందుకే మ్యూజియంలు వాటిని ఎప్పుడూ గోడకి ఉంచవు. 2025లో లండన్ రాయల్ అకాడమీ కొన్ని నెలలు మాత్రమే చూపించింది.

కాబట్టి మీరు కాఫీ బొమ్మ వేస్తే ఎండ తగిలే గోడకి పెట్టకండి. ఆరిన వెంటనే ఫోన్‌తో మంచి ఫోటో తీసుకోండి. మరక వెలిసిపోయినా కాపీ మిగులుతుంది. జాన్ బ్రౌన్ బొమ్మని వేలమంది ముందుకి తీసుకెళ్లింది కూడా అచ్చు కాపీయే కదా!

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.