ఆయుధ నియంత్రణ వాదము: చిత్తూరు మండల చరిత్ర

ప్రజల చేతియందు తుపాకి యుండవచ్చునా, ఉండినచో ఎట్టి తుపాకి యుండవలెను, దానిని అనుమతించు అధికార మెవ్వరిది అను వాదమునకు దక్షిణ రాయలసీమలో, విశేషించి చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో, రెండు శతాబ్దులకు పైబడిన చరిత్ర కలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ వాదము సైనికుల ఆయుధములను పోలిన రైఫిళ్ల చుట్టును, వానిని నిషేధింపుమని టెలివిజనులో వెలువడు ప్రకటనల చుట్టును తిరుగగా, చిత్తూరు సీమలో అది పాలెగాండ్ర కట్టుబడి బంట్లతో మొదలై రైతు నాటు తుపాకి వరకు సాగివచ్చినది.

విజయనగర సామ్రాజ్యము క్షీణించిన పిమ్మట ఈ కొండసీమలు నరగంటి, బంగారి, మొగరాల, పాకాల, పులిచెర్ల మొదలగు పాలెముల అధీనమున నుండెను. పాలెగాడు పిలిచినపుడు ఆయుధముతో వచ్చి నిలుచుటకు ప్రతిగా మాన్యము ననుభవించు కట్టుబడి బంటునకు తుపాకి జీవనాధారము. దానిని లాగికొనుట యనగా అతని భూమిని, హోదాను కూడ లాగికొనుటయే. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి వదలుకొనిన దత్తమండలములలో మదనపల్లె, వాయల్పాడు ప్రాంతములు చేరియుండెను. ఆ మండలములకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అచ్చట 80 మంది పాలెగాండ్రును, వారి క్రింద సుమారు 30,000 మంది సాయుధ బంట్లును ఉన్నట్లు గణించి, ఆ సేనలను చెదరగొట్టనిదే శిస్తు వసూలు కాజాలదని నిశ్చయించెను. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యముతోపాటు చిత్తూరు పాలెములు కంపెనీ వశమయ్యెను. కొలది సంవత్సరములలోనే అచ్చటి పాలెగాండ్రు తిరుగబడగా కంపెనీ సైన్యము వారిని అణచివేసెను. ఈ సీమలో తొలి నిరాయుధీకరణము ప్రజల క్షేమమునకై గాక పాలకుని ఆదాయమునకై జరిగినదన్న సంగతి గుర్తింపదగినది. ఏలయన తరువాతి వాదములన్నిటను ఆ అనుమానపు ఛాయ కనిపించును.

లిట్టన్ ప్రభువు రాజప్రతినిధిగా నున్న 1878లో, దేశభాషా పత్రికల నోరు కట్టిన సంవత్సరముననే, భారత ఆయుధ శాసనము వెలువడి, లైసెన్సు లేని ఆయుధమును నేరముగ నిర్ణయించెను. ఐరోపీయులకు మినహాయింపు నొసగి భారతీయుని మాత్రము శంకించుట విద్యావంతుల మనస్సులను తీవ్రముగా గాయపరచెను. 1887లో బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతన మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభ ఈ శాసనమును సవరింప వలసినదని తీర్మానించెను. 1930 జనవరిలో గాంధీ మహాత్ముడు ప్రకటించిన పదునొకండు కోరికలలో ఆత్మరక్షణార్థము తుపాకి లైసెన్సులు ఇయ్యవలెననుట ఒకటి. 1931 కరాచీ తీర్మానము నిబంధనలకు లోబడి ఆయుధము ధరించుటను మౌలిక హక్కులలో చేర్చెను. అహింసను జీవితవ్రతముగ గైకొనిన మహాపురుషుడే తుపాకి లైసెన్సును కోరుటలో వైరుధ్యము లేదు: ఆయన కోరినది హింసకు స్వేచ్ఛ కాదు, ప్రజలపై నమ్మకము.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట ఆ హక్కు రాజ్యాంగమునకు ఎక్కలేదు. 1948 డిసెంబరులో రాజ్యాంగ పరిషత్తున హెచ్.వి. కామత్ దానిని చేర్పవలెనని సవరణ ప్రతిపాదింపగా, డాక్టర్ అంబేడ్కర్ కాలము మారినదని చెప్పి నిరాకరించెను. ఆ పరిషత్తులో సభ్యుడు, తిరుచానూరున జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు పదునొకండేండ్లకు చిత్తూరు ప్రతినిధిగా లోక్‌సభాపతి పీఠముపై నుండగా, 1959 నాటి నూతన ఆయుధ శాసనము ఆమోదము పొంది, 1962 అక్టోబరు 1న అమలులోనికి వచ్చెను.

ఈ శాసనము స్వతంత్ర భారతమున ఆయుధ వాదమునకు పునాది గనుక కొంచెము విస్తరించి చెప్పవలెను. మీట నొక్కియుంచినంత సేపు గుండ్లు వెలువడుచునే యుండు తుపాకిని ఇది నిషిద్ధాయుధముగ నిర్వచించి, కేంద్ర ప్రభుత్వ ప్రత్యేకానుమతి లేనిదే ఎవ్వరును ఉంచుకొనరాదని శాసించెను.  రెండవది, ఈ సీమకు ముఖ్యమైనది: పంట రక్షణకై నిజముగ ఉపయోగించు, గొట్టము మూతినుండి మందు దట్టించు తుపాకికి లైసెన్సు నొసగవలెనని చట్టమే చెప్పుచున్నది, దరఖాస్తుదారునకు తగినంత ఆస్తి లేదన్న కారణమున మాత్రమే నిరాకరింపరాదనియు చెప్పుచున్నది. 1878 నాటి శాసనమునకును దీనికిని గల అంతరము ఇచ్చటనే తేటపడును. అయినను ప్రజాశాంతికి భంగము కలుగునని తోచినపుడు అధికారి నిరాకరింపవచ్చును గనుక, ముఠాకక్షల సీమలో చట్టమిచ్చిన ఔదార్యము కార్యాలయముల కడ సన్నగిల్లుట సహజము.

ఆ ముఠాకక్షలలో వాడబడిన ఆయుధము తరచుగా లైసెన్సు పుస్తకమున కెక్కినది కాదు. రాయలసీమ కక్షలకు నాటు బాంబు, వేటకొడవలి చిరకాల సాధనములు. ముఠాకక్ష కాకపోయినను, 2003 అక్టోబరు 1న తిరుపతి అలిపిరి కడ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుని వాహనముపై నక్సలైట్లు ప్రయోగించినవి మందుపాతరలు. 2005 జనవరి 24న అనంతపురమున శాసనసభ్యుడు పరిటాల రవిని తుపాకితో కాల్చి చంపిరి. 2015 నవంబరు 17న చిత్తూరు నగరపాలక కార్యాలయములో, మేయరు కఠారి అనురాధను ఆమె గదియందే తుపాకితో కాల్చి చంపి, భర్త మోహనుపై కత్తులతో దాడి చేయగా ఆయనయు మరణించెను. ప్రజలు ఎన్నుకొనిన స్త్రీ తన ఆసనముననే హతురాలగుట ఈ పట్టణ చరిత్రలో మానని గాయము. అక్రమ మార్గమున తుపాకి చేరు త్రోవలను మూయక, లైసెన్సుదారుల లెక్కలను మాత్రము సవరించుట వలన ఇట్టి ఘోరములు ఆగవు.

ఇక అమెరికా వాదమునకు వచ్చినచో, అచ్చట 1994 సెప్టెంబరున అమలైన శాసనము కొన్ని సైనిక శైలి అర్ధస్వయంచాలక తుపాకులను, 10కి మించి గుండ్లు పట్టు మ్యాగజైన్లను నిషేధించి, 2004లో గడువు తీరి అంతరించెను. 2012 డిసెంబరు 14న శాండీ హుక్ పాఠశాలలో 20 మంది పసిబిడ్డలు, ఆరుగురు పెద్దలు హతులైన పిమ్మట, నగరాధ్యక్షుల సంఘమొకటి 2013లో 13 రాష్ట్రములలో 1.2 కోట్ల డాలర్ల వ్యయముతో నియంత్రణ ప్రకటనలు ప్రసారము చేసెను. తుపాకి పక్షము వారును ప్రకటనలతోనే ప్రతిఘటించిరి. ఏప్రిలున సెనేటులో నిషేధ సవరణ 40–60 ఓట్లతో వీగిపోయెను. తుపాకిని పౌరుష చిహ్నముగ చూపి అమ్మిన ప్రకటనలపై శాండీ హుక్ మృతుల కుటుంబములు వేసిన వ్యాజ్యమున, రెమింగ్టన్ సంస్థ బీమాదారులు 2022లో 7.3 కోట్ల డాలర్లకు రాజీపడిరి. ఈ వాదము తెలుగువారికి పరాయిది కాదు: 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఓలేత్‌లో జాతి ద్వేషమునకు ఒక తెలుగు ఇంజనీరు బలియయ్యెను, 2023 మే 6న టెక్సాస్‌లోని ఆలెన్ అంగడిలో ఒక దుండగుడు సైనిక శైలి రైఫిలుతో చంపిన ఎనిమిది మందిలో ఒక తెలుగు యువతి యుండెను.

మన దేశమున తుపాకి అమ్మకపు ప్రకటనలు అంతగా కానరాకపోయినను, ఆ పనిని కొంతవరకు చలనచిత్రము నెరవేర్చినది. 1999లో వెలువడిన ‘సమరసింహారెడ్డి’ మొదలుకొని సీమ కక్షలను కీర్తిగా మలచిన చిత్రములు వరుసగా వచ్చెను. తమ నేలను రక్తసిక్తముగ చూపుటపై సీమవాసులు వ్యక్తపరచిన నిరసన సర్వదా న్యాయమైనది.

2019 డిసెంబరున పార్లమెంటు ఆయుధ శాసనమును సవరించెను. ఒక వ్యక్తి ఉంచుకొనదగిన తుపాకులను మూడింటినుండి ఒకటికి తగ్గింపవలెనని తొలి ప్రతిపాదనము. ఆక్షేపణల పిమ్మట రెండని స్థిరపడెను. నిషిద్ధాయుధము కలిగియుండుటకు శిక్ష కనీసము 7 ఏండ్లు, గరిష్ఠము 14 ఏండ్లుగా హెచ్చెను. ఇక రైతు తుపాకి విషయమునకు వచ్చినచో, కుప్పము, పలమనేరు ప్రాంతములలో కౌండిన్య అభయారణ్యపు ఏనుగులు, అడవిపందులు పంట త్రొక్కుచుండగా, అచ్చటి రైతునకు శబ్దముతో బెదరించు తుపాకి కావలెనా, కంచెలును నష్టపరిహారమును చాలునా అను ప్రశ్న నేటికిని అధికారుల కడ, రైతుల కడ చర్చనీయాంశమే.