స్థానిక చరిత్ర సంఘములు – సేకరణల సంరక్షణ

చిత్రావతీ ప్రాంతమున నున్న తాడిమర్రి చరిత్రను వ్రాయబూనిన పరిశోధకుడు ఆ ఊరిలోనే తన పనిని ముగింపజాలడు. ఈ సీమ 1800లో నిజాము నుండి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించినది. 1882లో అనంతపురము జిల్లా ఏర్పడువరకు బళ్ళారి జిల్లాలో నుండెను. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. పాలనా కేంద్రము మారినప్పుడెల్ల దస్త్రములు చేతులు మారుచుండును. 1984లో కరణీకము రద్దగుటతో గ్రామలెక్కలను తరతరములుగా ఇంట భద్రపరచుకొనుచుండిన వ్యవస్థయు అంతరించినది. ఇట్టి స్థితిలో ఒక గ్రామపు జ్ఞాపకమును కాపాడవలసిన వారెవరు? స్థానిక చరిత్ర సంఘములే యని మా సమాధానము. అయితే సంఘమును స్థాపించుట వేరు, సేకరించిన దానిని కాపాడుట వేరు. ఈ భేదమును విశదము చేయుటయే ప్రస్తుత వ్యాసోద్దేశము.

దత్తమండలములలో గ్రామచరిత్రలను కైఫియత్తుల రూపమున వ్రాయించినవాడు కర్నల్ కాలిన్ మెకంజీ. ఆ మహాకార్యమునకు ఆధారభూతులు కావలి బొర్రయ్య, వెంకటలక్ష్మయ్య సోదరులు. బొర్రయ్య 1803లోనే మరణించెను. 1821లో మెకంజీ గతించిన పిమ్మట ప్రభుత్వము ఆయన సేకరణను లక్ష రూపాయలకు కొనెను. 1828లో విల్సన్ దాని పట్టికను కలకత్తాలో ప్రకటించెను. దక్షిణదేశ భాషల వ్రాతలు చెన్నపట్టణమునకు మరలి వచ్చినవి.

చెన్నపట్టణమున 1812లో వెలసిన సాహిత్య సంఘము 1830లో రాయల్ ఆసియాటిక్ సొసైటీకి అనుబంధమై నూతన జీవమును పొందినది. మెకంజీ పనిని తాను కొనసాగింతునని లక్ష్మయ్య విన్నవించుకొనెను. 1836లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీవారు ఆయన కంత శక్తి లేదని తలచి ప్రతికూలముగా అభిప్రాయమిచ్చిరి. వ్రాతలను పరిశీలించు పని విలియమ్ టైలరుకు దక్కినది. టైలరు శ్రమను మేము తక్కువ చేయము. కాని ఏ కైఫియత్తు ఎట్లు లభించినదో, ఎవరు సేకరించిరో ప్రత్యక్షముగా ఎరిగినవాడు లక్ష్మయ్య. వ్రాతలు మిగిలినను ఆ ఎరుక చాలవరకు ఆయనతోనే పోయినది. వస్తువు ఉనికియే కాక దాని పుట్టుపూర్వోత్తరములు కూడ సేకరణలో భాగమేయని దీనివలన తెలియుచున్నది.

శిథిలమగుచున్న కాగితములకు గట్టి కాగితముపై ప్రతులు వ్రాయించి, వానిని సంపుటములుగా కట్టించినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. మెకంజీ, లేడెన్, బ్రౌనుల సేకరణలే 1869లో ఏర్పడిన చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు పునాదులైనవి.

తెలుగువారు స్వయముగా స్థాపించుకొన్న సంఘముల గతియు విచార్యమే. రాజమహేంద్రవరమున 1922లో వెలసిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి 1926 నుండి పత్రికను నడపినది. దాని నిర్వాహకులలో ముఖ్యులైన రాళ్ళబండి సుబ్బారావుగారి పేరున నేడచ్చట ప్రభుత్వ మ్యూజియము కలదు. హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావుగారి స్మృత్యర్థము పేరు దాల్చిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణ శాసనముల ప్రథమ సంపుటమును ప్రకటించినది. ద్వితీయ సంపుటము 1960లో గాని వెలువడలేదు. నడుమ ఇరువదియైదేండ్లు గడచినను పని తిరిగి అందుకొనబడుటకు కారణము, మొదటి సంపుటము అచ్చులో నిలిచియుండుటయే యని మా నమ్మకము. సంఘము నిద్రించినను పట్టికయు ప్రతియు మేలుకొనియుండును.

తాడిమర్రికి సమీపమున నున్న దృష్టాంతము కడపది. బ్రౌను పండితులను కూర్చి గ్రంథములను పరిష్కరింపజేసిన బంగళా కాలక్రమమున శిథిలమైనది. అనంతపురము జిల్లా రాయదుర్గములో జన్మించిన జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుదలతో కృషి చేయగా, 1987లో ఆ స్థలముననే బ్రౌను స్మారక గ్రంథాలయమునకు శంకుస్థాపన జరిగినది. పిదప అది విశ్వవిద్యాలయ పోషణలోనికి వచ్చినది. కడప సీమ కైఫియత్తులు అచటినుండి సంపుటములుగా వెలువడినవి. వ్యక్తి ఉత్సాహము సంస్థకు ఆశ్రయమైనది. సంస్థ సేకరణకు ఆశ్రయమైనది.

కావున హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో చరిత్ర సంఘములను స్థాపింపగోరువారికి, లేదా పూర్వమున్న వానిని పునరుద్ధరింపగోరువారికి మా మనవి యిది. తొలి సమావేశమున ఉపన్యాసములకంటె ముందు ఒక పట్టికను తెరవవలెను. ప్రతి తాళపత్రమునకు, శాసనపు అచ్చునకు, కవిలెకట్టకు ఎచట దొరకినది, ఎవరిచ్చిరి, ఎన్నడు వచ్చినది అను మూడు విషయములు వ్రాయవలెను. ఇచ్చుటకు ఇష్టపడని వారి యింటనే వస్తువును ఉంచి, ఛాయాచిత్రమును మాత్రము గ్రహింపవచ్చును. పట్టిక ప్రతి నొకదానిని సమీప విశ్వవిద్యాలయమున భద్రపరుపవలెను. పరిశోధక విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కొక్క గ్రామమును స్వీకరించినచో ఈ పని దుష్కరము కాదు. లక్ష్మయ్యవంటివారు చెప్ప సిద్ధముగా నున్నప్పుడు వ్రాసికొనని లోపము మనయెడ పునరావృత్తము కాకుండుగాక.